మోఫోంగోలో ఉప్పు రెండుసార్లు పడిన శనివారం

పదకొండేళ్ళు ఒకే హోటల్లో పనిచేసి నిరుడు మానేశాను. ఈమధ్య గుడిలో కలిసిన ఇద్దరు పిల్లలు, ఇక్కడి రెస్టారెంట్లలో కొత్తగా పనికి చేరినవాళ్ళు, "ఆంటీ, మీ ఎక్స్‌పీరియన్స్ ఏదైనా చెప్పండి" అని అడిగారు. బాగా జరిగిన రోజుల గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. బాగా జరిగిన రోజున అందరూ తిని వెళ్ళిపోతారు, మనం గిన్నెలు తోముకుని ఇంటికి వెళ్తాం. అందుకని, నేను ఒక దుకాణాన్ని ముంచబోయిన శనివారం గురించి చెబుతాను. ఇప్పటికీ ఆ రోజు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. భయంతో అనుకునేరు. ఆశ్చర్యంతో.

మా ఆయన అమెరికాలో, జెర్సీ సిటీలో ఒక ఇండియన్ హోటల్లో వంటమనిషి. నిలబడీ నిలబడీ ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. ఆయన ఇంట్లో కూర్చున్నాక నేను పని వెతుక్కోవలసి వచ్చింది. ఒక రోజు కూరగాయలకి వెళ్తూ, రెండు వీధుల అవతల ఒక చిన్న హోటలు ముందు ఆగిపోయాను. గుమ్మంలో పెట్టెల నిండా పచ్చి అరటికాయలు. మా కోనసీమ కాయలకంటే రెండింతలు ఉన్నాయి, ఒక్కొక్కటీ మోచేతి పొడవు. లోపల ఒకావిడ వాటిని ఒలవలేక కత్తితో కుస్తీ పడుతోంది. ఆ రోజు ఒలిచే మనిషి రాలేదట. అద్దంలోంచి నేను చూస్తూ నిలబడ్డాను. ఆవిడ తలెత్తి, చేయి ఊపి, రమ్మంది. నేను చేతులకి నూనె రాసుకుని, కాయ కొనలు కోసి, నిలువునా మూడు గాట్లు పెట్టి, బొటనవేలితో తొక్క లేపి చూపించాను. అరగంటలో పెట్టె ఖాళీ అయింది. నన్ను పేరు కూడా అడగకుండా ఒక ఏప్రన్ ఇచ్చింది.

ఆవిడది ప్యూర్టో రికో. వయసులో నాకంటే మూడు నాలుగేళ్ళు పెద్ద. నేను "అక్కా" అనేదాన్ని. వాళ్ళ భాషలో ఆ మాటకి "ఇక్కడికి" అని అర్థమట. నేను పిలిచినప్పుడల్లా చేతిలో పని వదిలి నా దగ్గరికి వచ్చేసేది. ఆవిడ నన్ను "మామీ" అనేది. వాళ్ళలో ఆడవాళ్ళని ఆప్యాయంగా అలాగే పిలుస్తారు. మా మాటల్లో సగం ఇంగ్లీషు ముక్కలు, పావు వంతు స్పానిష్, మిగతాది చేతులు. ఇక్కడ నేను అన్నీ తెలుగులోనే రాస్తున్నాను.

మొదటి రోజు మధ్యాహ్నం ఆవిడ మోఫోంగో చేస్తుంటే చూశాను. అరటికాయ ముక్కల్ని నూనెలో వేసింది. వేపుడు కాబోలు అనుకున్నాను. ముక్కలు మెత్తబడ్డాయి కానీ ఎర్రబడకముందే తీసేసింది. అయ్యో, ఇంకా వేగలేదే అనుకున్నాను. అప్పుడు కౌంటరు కిందనుంచి చెక్కతో చేసిన ఒక రోలు, రోకలిబండ బయటికి తీసింది. పిలోన్ అంటారు దాన్ని. లోపల నున్నగా, నల్లగా, తరతరాల చేతుల కింద అరిగిపోయి ఉంది. అందులో వెల్లుల్లి, ఉప్పు వేసి నూరింది. వేడి వేడి ముక్కలు వేసింది. పందికొవ్వుతో చేసిన కరకరలాడే వేపుడు ముక్కలు కొన్ని కలిపింది. రెండు గరిటెల రసం పోసి దంచి, ఒక గిన్నెలో అదిమి బోర్లించింది. మన గుడిలో పులిహోర ముద్ద పెట్టినట్టు గుండ్రంగా నిలబడింది. చుట్టూ మళ్ళీ రసం పోసింది.

మేమైతే అరటికాయ ఉడకబెడతాం, మెదుపుతాం, ఆ తర్వాత వేయిస్తాం. ఆవిడ ముందు వేయించింది, తర్వాత దంచింది. మా అమ్మ వంటని ఎవరో చివరినుంచి మొదటికి నడిపినట్టుంది. ఆఫ్రికానుంచి ఓడల్లో బలవంతాన ఎత్తుకొచ్చినవాళ్ళు, వాళ్ళ చేతులకి అలవాటైన దంపుడుని ఆ దీవుల్లో దొరికిన కాయమీద పెట్టారని అక్క చెప్పింది. ఆ అరటిచెట్టు తాత ముత్తాతలు మన ఆసియా వైపునుంచే పోయాయని చాలా ఏళ్ళ తర్వాత తెలుసుకున్నాను. ఒక కాయ, ఇన్ని సముద్రాలు, ఇంతమంది చేతులు! ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే, "సరే గానీ, ఉద్యోగం పర్మనెంటేనా?" అన్నాడు.

మా వంటింట్లో ఇంకొకాయన ఉండేవాడు. డొమినికన్, అంటే ప్యూర్టో రికో పక్క దీవివాడు. నలభై దాటిన మనిషి, తలుపు పట్టనంత భుజాలు. నూనె మూకుళ్ళు, దంచడం ఆయన పని. ఆయన గొంతు రేవులో పడవ కూతలా ఉండేది. ముందు గదినుంచి ఆర్డరు చీటీ రాగానే దాన్ని మేకుకి గుచ్చి, గోడలు అదిరేట్టు చదివేవాడు. "ఒక మోఫోంగో, రొయ్యలతో! ఒకటి ఉల్లిపాయ లేకుండా! అన్నం, చిక్కుడు గింజలు, రెండు!" ఉన్నది ముగ్గురం. ఇంత అరవడం దేనికని నాకు విసుగ్గా ఉండేది. ఆ విసుగుని పైకి అనలేదు. ఎందుకంటే ఆయన అరుపులే నాకు ఆధారం. అప్పటికి నాకు ఏ భాషలోనూ అక్షరం రాదు. ఆ సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా కాగితం ఇస్తే "కళ్ళజోడు మర్చిపోయాను" అనేదాన్ని. ఆరేళ్ళు రోజూ మర్చిపోయాను. అసలు నాకు కళ్ళజోడే లేదు.

అక్కకీ నాకూ ఒక్క విషయంలో పడేది కాదు. ఆవిడ ఏప్రన్ జేబులో ఎప్పుడూ ఎనిమిది స్పూన్లు ఉండేవి. ప్రతి గిన్నె దగ్గరా ఒకటి తీసి రుచి చూసేది. నేను చూసేదాన్ని కాదు. మా అమ్మ పెళ్ళిళ్ళకి పిండివంటలు చేసే బృందంలో పనిచేసింది. నేనూ ఆ పొయ్యిల దగ్గరే పెరిగాను. నైవేద్యం పెట్టేదాకా ఏదీ నోట పెట్టకూడదు. ఉప్పు చేతికి తెలియాలి, కారం వాసనకి తెలియాలి. వెయ్యిమంది భోజనానికి కూడా అమ్మ ఒక్క చుక్క నాలుకమీద వేసుకోకుండా వండేది.

"రుచి చూడకుండా వండుతావా? కళ్ళు మూసుకుని బస్సు నడిపినట్టుంది" అంది అక్క, నేను చేరిన మొదటి వారంలో.

"నా చేతికి తెలుసక్కా."

"చేతికి నాలుక ఉందా?"

ఆ రోజు చిక్కుడు గింజల కుండలో ఉప్పు నేను వేశాను. ఆవిడ స్పూను తీసింది, చప్పరించింది, ఇంకోసారి చప్పరించింది. స్పూను కడిగి జేబులో పెట్టుకుంది. ఆ తర్వాత నేను ఉప్పేసిన గిన్నె దగ్గర ఆవిడ రుచి చూడటం తగ్గించింది. నాకు ఎంత గర్వమో! ఇంటికి వెళ్ళి మా ఆయనకి మూడుసార్లు చెప్పాను.

ఆరో ఏడు మేమున్న పాత బిల్డింగు అమ్ముడుపోయింది. దాన్ని పడగొడతారట. కింద ఉన్న మూడు షాపులూ ఖాళీ చెయ్యాలి: మాది, ఒక శాండ్‌విచ్ షాపు, ఒక జ్యూస్ షాపు. ఎదురుగా కొత్తగా కట్టిన టవర్లో కింద ఒక్క షాపుకి చోటుంది. ముగ్గురూ అడిగారు. టవర్లో ఉండేవాళ్ళే రుచి చూసి, ఓటు వేసి, ఎవరికివ్వాలో చెబుతారని నిర్ణయమైంది. చోటు దొరక్కపోతే అక్క హోటలు మూసేసి ఫ్లోరిడాలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోవాలి. కొత్త చోట మొదలుపెట్టే ఓపిక తనకి లేదని ముందే చెప్పేసింది. అంటే మేమిద్దరం కూడా రోడ్డు మీదే.

ఆ సంగతులు మాట్లాడటానికి టవర్ కమిటీనుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై అయిదు, ఇరవై ఆరు ఉంటాయి. చేతిలో ఫోను, చెవిలో ఇంకో ఫోను. నన్ను చూసి ఆగిపోయింది.

"ఆంటీ, మీరు తెలుగు? ఓ మై గాడ్. నేను ఇక్కడే పుట్టాను, బట్ మా మామ్ వాళ్ళది విజయవాడ."

"మంచిదమ్మా. కూర్చో. తింటావా?"

"తింటాను, బట్ ఫస్ట్ రూల్స్ చెప్తాను. లాబీలో ప్లేట్స్ అలౌ చెయ్యరు ఆంటీ. నో బౌల్స్, నో ఫోర్క్స్. చేత్తో తినేది ఉండాలి. అండ్ సగం మంది వెజిటేరియన్. పోర్క్ ఉంటే అసలు టచ్ చెయ్యరు."

నేను అక్కకి చెప్పాను. అక్క కుర్చీలో వెనక్కి వాలిపోయింది. "గిన్నె లేకుండా మోఫోంగోనా? మరి రసం ఎక్కడ పోస్తాం? జేబుల్లోనా?"

డొమినికన్ ఆయన నవ్వాడు. "మామీ వాళ్ళ ఊళ్ళో అన్నీ ఉండలు చేసి నూనెలో వేస్తారట. దీన్నీ వెయ్యమను."

ఆయన వేళాకోళానికి అన్నాడు. నెల రోజులు మేము చేసింది అదే. మోఫోంగోని ఉండలు కట్టి నూనెలో వేయించడం. చెప్పినంత తేలిక కాదది. దంచిన ముద్ద చల్లారితే ఇసుకలా రాలిపోతుంది. మా బోండాల అలవాటుకొద్దీ నేను మొదట చల్లార్చాను. నూనెలో పడగానే ఉండలు విడిపోయి మూకుడంతా నుసి అయింది. మరుసటి రోజు గట్టిగా నొక్కి చుట్టాను. అవి రాళ్ళయ్యాయి. "ఇవి ఎవరిమీద విసరాలి?" అన్నాడాయన. చివరికి దారి దొరికింది. వేడిమీదే దంచాలి, చెయ్యి కాలుతున్నా నూనె రాసుకుని వెంటనే ఉండ చుట్టాలి, పది నిమిషాలు ఆరనిచ్చి అప్పుడు వేయించాలి. పందికొవ్వు బదులు ఎర్రగా వేయించిన వెల్లుల్లి రేకులు. పైన కరకర వచ్చింది, రంగు వచ్చింది. కానీ అక్క ప్రతిసారీ ఒక ముక్క కొరికి గొంతు సవరించుకునేది.

"పొడిగా ఉంది. గొంతులో పట్టుకుంటోంది. రసం లేని లోటు తెలుస్తోంది."

"ఇంకో వారం ఉంటే చూద్దుం అక్కా."

"ఇంకో వారం లేదు. శనివారమే."

శుక్రవారం మధ్యాహ్నం నేను ఇంటికి వెళ్ళిపోయాక, అక్కకి దిగులు పట్టుకుంది. మర్నాడు మూడు వందల ఉండలు కావాలి. కాయలన్నీ పొద్దున్నే ఒలవాలంటే ఆలస్యమవుతుందని, తనే కూర్చుని ఒలిచి, ముక్కలు కోసి, నల్లబడకుండా మూడు టబ్బుల నీళ్ళలో నానబెట్టింది. ఆ నీళ్ళలో గట్టిగా ఉప్పు వేసింది. వాళ్ళ దీవిలో కొందరు అలా చేస్తారు. మా హోటల్లో ఎప్పుడూ చెయ్యలేదు. మేము ఒలిచిన కాయని నేరుగా నూనెలో వేసేవాళ్ళం. అందుకని టబ్బుల మీద టేపు అంటించి, "ఉప్పు వేశాను, మళ్ళీ వెయ్యకు" అని నల్లసిరాతో రాసింది.

శనివారం పొద్దున ఆరింటికి నేను వచ్చేసరికి ఆవిడ లాబీలో బల్ల సర్దడానికి వెళ్ళిపోయింది. టేపు మీద గీతలు చూశాను. తేదీ అనుకున్నాను. అక్క ఫ్రిజ్‌లో ఉన్న ప్రతిదానిమీదా తేదీ రాస్తుంది. పాపం, నాకు పని తప్పించాలని ఎంత కష్టపడిందో అనుకుని, నీళ్ళు వంపేసి, టేపులు పీకి చెత్తబుట్టలో వేసి, ముక్కలు తుడిచి ఆరబెట్టాను. ఏడింటికి డొమినికన్ ఆయన వచ్చాడు. నేను వేయించి ఇస్తుంటే ఆయన దంచాడు. ప్రతి వాయికీ వెల్లుల్లితోపాటు ఉప్పు వేసింది నేనే. ఎప్పటిలాగే, చేతి లెక్కన, పెదవి దగ్గరికి తీసుకుపోకుండా.

తొమ్మిదిన్నరకి రెండు వందల పైచిలుకు ఉండలు ట్రేలలో వరసగా ఉన్నాయి. ఎంత అందంగా ఉన్నాయో! ఆయన పది ఉండలు నూనెలో వేసి, తీసి, ఒకటి నోట్లో వేసుకున్నాడు. నమలడం ఆపేశాడు. గ్లాసెడు నీళ్ళు తాగాడు. ఇంకో గ్లాసు తాగాడు.

"ఏమైంది?" అన్నాను.

"మామీ... సముద్రం."

సరిగ్గా అప్పుడే అక్క ట్రేల కోసం వచ్చింది. మా మొహాలు చూసి ఒక ఉండ తీసుకుని కొరికింది. మింగలేదు. నెమ్మదిగా కాగితంలోకి ఉమ్మేసి నావైపు చూసింది.

"టబ్బుల మీద రాశాను కదా."

ఎప్పుడూ చెప్పే అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కళ్ళజోడు మర్చిపోయాను. చెబితే నమ్ముతుంది కూడా. ఎదురుగా ఆ ట్రేలు ఉన్నాయి. ఆవిడ ముప్ఫయ్యేళ్ళ హోటలు ఆ ట్రేల మీద ఉంది. నా చేత కాలేదు.

"చదవడం రాదక్కా. ఐ నో రీడ్."

"కళ్ళజోడు?"

"కళ్ళజోడు లేదు. ఎప్పుడూ లేదు."

అక్క డొమినికన్ ఆయనవైపు తిరిగింది. "నీకు తెలుసా?"

ఆయన చిల్లుల గరిటెని నూనె మీద ఆనించి, మా ఇద్దరి మొహాలూ చూడకుండా చెప్పాడు. "మొదటి వారం నుంచీ తెలుసు. లేకపోతే ఎందుకు అరుస్తాననుకున్నావు? చీటీ మనసులో చదువుకోవడం నాకు రాదా?"

నేను గోడకి ఆనుకున్నాను. ఆరేళ్ళు. రోజుకి ఎన్ని చీటీలు! ఒక చలికాలం ఆయన గొంతు పూర్తిగా పోయింది. ఆ వారమంతా చీటీ వచ్చినప్పుడల్లా మూకుడు వదిలి, వంటింటికి అడ్డంగా నడిచి వచ్చి, నా చెవి దగ్గర గుసగుసగా చెప్పి వెళ్ళేవాడు. ఈయనకేమన్నా పిచ్చా అనుకున్నానే కానీ, ఎందుకని ఒక్కసారీ ఆలోచించలేదు. నేను దాచిపెట్టాననుకున్నదాన్ని ఆయన నాకు తెలియకుండా మోశాడు. నేను పెద్ద పెద్ద గోపురాల దేవాలయాలు చూశాను, నయాగరా చూశాను. ఆ క్షణంలో ఆ లావుపాటి మనిషి వీపు చూసి నిలువెల్లా కమ్మినంత విస్మయం నాకు ఎక్కడా కలగలేదు.

అక్క చేతులు తుడుచుకుంది. "ఏడవడానికి టైము లేదు. ఉప్పు తగలని కాయలు ఏమున్నాయి?"

"ఆదివారానికి తెచ్చిన పెట్టె ఒక్కటే. యాభై కాయలు ఉంటాయి" అన్నాడాయన.

"యాభైతో ఏమొస్తుంది! అన్నీ కలిపి దంచుదామా?"

కలిపితే చాలదని నా చేతికి తెలుసు. ఆ ఉప్పు విరగాలంటే ఇంకో మూడు పెట్టెలు కావాలి. అప్పుడు పెళ్ళిళ్ళలో బూరెలు గుర్తొచ్చాయి. ఎప్పుడైనా పాకం ముదిరి పూర్ణం మరీ తీపైతే, అమ్మ పారేసేది కాదు. పూర్ణం ఉసిరికాయంత చేసి, పైన తోపు పిండి మందంగా పట్టించేది.

"అక్కా, ఉప్పుది లోపల. కొంచెమే. పైన ఉప్పు లేనిది, మందంగా."

ఆవిడ ఒక్క క్షణం చూసింది. "లోపలి ముద్ద గట్టిగా ఉంది. ఇంకా ఉప్పగా తగులుతుంది."

"రసంలో ఉప్పు ఉందా?"

రసం ఉల్లికాడలు, టమాటా, కొత్తిమీర కాడలు వేసి కాచింది. ఇంకా ఉప్పు వెయ్యలేదు. ముప్ఫై నలభై ఉండల్ని చిదిపి, వేడి రసం పోసి, నూనె చుక్క వేసి జారుగా కలిపాను. అక్క ఒలిచి వేయించింది. ఆయన దంచాడు. ఆయన దంచడం ఆ రోజు చూడాలి. భుజం లేచి పడుతుంటే పిలోన్ కింద కౌంటరు ఒక్కొక్క అంగుళం జరిగింది. నేను అరచేతిలో వేడి ముద్ద పరిచి, గుంట చేసి, లోపల చెమ్చాడు ఉప్పు ముద్ద పెట్టి, మూసి, చుట్టి ఇచ్చాను. అరచేతులు ఎర్రగా పొక్కాయి.

మొదటి వాయి దిగగానే అక్క జేబులోంచి స్పూను తీసి నాకు ఇచ్చింది.

"ఈరోజు నువ్వు చూస్తావు."

"అక్కా, ముందు ఎవరికీ పెట్టకుండా..."

"దేవుడితో నేను మాట్లాడతాను. తిను."

సగానికి చీల్చాను. ఆవిరి మొహానికి కొట్టింది. నోట్లో పెట్టుకున్నాను. ముందు పైపొర కరకర. తర్వాత ఏ రుచీ లేని అరటికాయ మెత్తదనం, చిన్నప్పుడు జ్వరం తగ్గాక తిన్న అన్నంలాంటి చప్పదనం. ఆ చప్పదనంలోకి లోపలినుంచి రసం కారింది. ఉప్పు, వెల్లుల్లి, పులుపు ఒక్కసారిగా నాలుకంతా పాకాయి. గిన్నెలో బోర్లించి చుట్టూ పోసే రసం మొత్తం ఉండ లోపలికి వెళ్ళి కూర్చుంది. నెల రోజులు తంటాలుపడి దొరకనిది అది. యాభై ఏళ్ళుగా పొయ్యి దగ్గర నిలబడిన మనిషిని. నేను వండినదాన్ని వేడిమీద, పొయ్యి పక్కనే, అందరికంటే ముందు రుచి చూడటం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ నేను ఇలాంటివి వండి పంపిస్తున్నానా అనిపించింది. నా వంటకి నేనే కొత్తదాన్ని.

"ఎలా ఉంది?" అంది అక్క.

"ఉప్పు..." అన్నాను. ఆవిడ మొహం తెల్లబడింది. "సరిపోయింది" అన్నాను.

"నీ తల పగలగొట్టాలి!" అంది.

పదకొండూ ఇరవైకి లాబీకి చేరాం. నూట ముప్ఫై ఉండలు అయ్యాయి, అంతే. కొన్ని పగిలాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, చూడటానికి పొద్దున్నవాటి ముందు దిష్టిబొమ్మల్లా ఉన్నాయి. శాండ్‌విచ్ షాపువాళ్ళు కొండల్లా పేర్చుకున్నారు. మా ముందు మొదట ఇద్దరు నిలబడ్డారు. తిన్నవాళ్ళు పక్కకి జరగలేదు. ఫోన్లో పైఅంతస్తువాళ్ళని పిలిచారు. అరగంటలో ట్రే ఖాళీ.

కమిటీ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "ఆంటీ, ఇంకా తేండి. లైన్‌లో చాలామంది ఉన్నారు."

"లేవమ్మా."

"లైక్... అసలు లేవా?"

"ఒక్కటి కూడా."

ఆ అమ్మాయి తల పట్టుకుంది. వరసలో ఉన్నవాళ్ళకి అక్క తనే వెళ్ళి చెప్పింది, తప్పు మాదేనని, అయిపోయాయని. వెనక్కొచ్చి బల్లమీద గుడ్డ మడత పెట్టడం మొదలుపెట్టింది. ఫ్లోరిడా గురించి ఆలోచిస్తోందని ఆ మడతలు చూస్తేనే తెలిసింది. ఇంతలో వరసలోంచి ఒక ముసలాయన గట్టిగా అన్నాడు, "తినకుండా ఓటెలా వెయ్యమంటారు?" వెనక ఇంకొందరు అదే మాట అన్నారు. తిన్నవాళ్ళు నవ్వారు. తిననివాళ్ళకి కోపం వచ్చింది. ఓటు వాయిదా వెయ్యడానికి శాండ్‌విచ్ షాపాయన ఒప్పుకోలేదు, అందులో ఆయన తప్పేమీ లేదు. కమిటీవాళ్ళు ఒక మూలకి వెళ్ళి చాలాసేపు వాదించుకున్నారు. చివరికి ఓటు వచ్చే శనివారానికి వాయిదా పడింది. ముగ్గురూ మళ్ళీ పెట్టాలి.

సోమవారం అక్క నా చేతిలో ఒక కాగితం పెట్టింది. అలవాటుకొద్దీ తల అడ్డంగా ఊపబోయి ఆగాను. మంగళ, గురువారాలు మధ్యాహ్నం మూడింటికి లైబ్రరీలో పెద్దవాళ్ళకి చదువు చెబుతారట, పేరు రాయించేసింది. "చదివేవాడికి గొంతు పోతోంది" అంది, డొమినికన్ ఆయనని చూపిస్తూ. ముందు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. తెలుగు తర్వాత రెండేళ్ళకి, గుడిలో ఆదివారం బడిలో, మోకాళ్ళు గడ్డానికి తగిలే బుల్లి కుర్చీలో పిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్నాను. నాతో చదివిన ఏడేళ్ళ పిల్ల నా "ఋ" చూసి పగలబడి నవ్వేది. ఆ కథ వేరే.

రెండో శనివారం మూడు వందలు చేశాం. పెట్టెలకి పెట్టెలు కాయలు తెచ్చుకున్నాం. కానీ ఒక ఇబ్బంది వచ్చిపడింది. మొదటిసారి తప్పుతో చేసినదాన్ని ఇప్పుడు కావాలని చెయ్యాలి. లోపలి ముద్దలో ఎంత ఉప్పు ఎక్కువ వెయ్యాలి? ఎక్కువ వెయ్యడానికి కొలత ఎవరికి తెలుసు? నా చెయ్యి సరైన ఉప్పుకి అలవాటు పడ్డ చెయ్యి, తప్పు ఉప్పు దానికి తెలియదు. ఆ పొద్దున నేను ఇరవైసార్లు రుచి చూశాను. అక్క స్పూన్లు చాలలేదు. మధ్యాహ్నానికి నాలుక మొద్దుబారింది.

మీరు వంటింట్లో కొత్తగా చేరినవాళ్ళయితే, నా చేతికి తెలుసు అనే మనిషి మీకు తప్పకుండా తగులుతుంది. ఆ మనిషితో వాదించకండి, చాలావరకు ఆ చేతికి నిజంగానే తెలుసు. పక్కన ఒక స్పూను పెట్టి వెళ్ళండి, చాలు.

ఆదివారం మధ్యాహ్నం కమిటీ అమ్మాయి మా పాత హోటలుకి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి ఫోను చూస్తూ, "ఆంటీ, మీకే" అంది. అక్కకి వెంటనే అర్థం కాలేదు. నేను చెప్పేదాకా ఆగి, చెప్పాక, వెళ్ళి సింకులో మొహం కడుక్కుని వచ్చింది. "చోటు చూడాలి, ఇప్పుడే" అంది. పిలోన్ చంకన పెట్టుకుంది. రోడ్డు దాటి నలుగురం వెళ్ళాం.

అక్కడ ఏమీ లేదు. సిమెంటు నేల, తెల్లటి గోడలు, ఇంకా ప్లాస్టిక్ కాగితం ఒలవని ఒక స్టీలు బల్ల. ముందుభాగం పైదాకా తెరుచుకుని ఉంది; పైన లాబీ అంతస్తులో వరండా, దానికి అద్దాల రెయిలింగు. అక్క పిలోన్‌ని బల్లమీద పెట్టింది. ఏప్రన్ జేబులో వెల్లుల్లి రెబ్బ ఒకటి దొరికింది. దాన్ని వేసి ఒక్క పోటు వేసింది. ఆ ఖాళీలో అది పిడుగులా మోగింది.

"పైన వాళ్ళకి వినిపిస్తుందా?" అని అడిగింది.

అమ్మాయి ఇబ్బందిగా కదిలింది. "కొంచెం... యా. బట్ డోంట్ వర్రీ, రబ్బర్ మ్యాట్ వేయిస్తాం. సౌండ్ అసలు రాదు."

నేను చెప్పింది విని అక్క తల అడ్డంగా ఊపింది. "ఏ మ్యాటూ వద్దు."

మళ్ళీ దంచింది. దబ్, దబ్, దబ్. గోడల్లోంచి, స్తంభాల్లోంచి ఆ చప్పుడు పైకి ఎక్కుతుంటే నేను తలెత్తి చూశాను. రెయిలింగు మీదికి ఒక తల వంగింది. ఇంకొకటి. చెప్పులు లేని కాళ్ళతో ఒక పిల్ల, భుజంమీద తువ్వాలుతో ఒకాయన, చంటిబిడ్డనెత్తుకున్న ఒకామె. ఎవరూ ఆపమని అనలేదు. మొన్న వరసలోంచి కోప్పడిన ముసలాయన మోచేతులు ఆనించి వంగి, "ఎప్పుడు తెరుస్తారు?" అని అడిగాడు.

స్టవ్వు రాలేదు. నూనె లేదు. కుళాయి తిప్పితే గాలి వస్తోంది.

అక్క రోకలి ఆపలేదు. "తెరిచేశాం" అంది.